వెల్లకిలా పడుకుంటే చచ్చినట్టేనా?

మన వైపు సాలీడు కనబడితే ముందు చెప్పు వెతుకుతారు, పెద్దదైతే చీపురు. నా గొడవ దాని గురించి కాదు. పెంచుకునే టరాంటులా వెల్లకిలా పడి కదలకుండా ఉంటే "పాపం, పోయింది" అని చెత్తబుట్టలో వేసేస్తారు చూడండి, దాని గురించి. బతికున్నదాన్ని పారేయడం అది.

టరాంటులా అంటే అరచేయంత పెరిగే వెంట్రుకల సాలీడు. దాని పైతోలు గట్టిది, సాగదు. పెరగాలంటే పాము కుబుసం విడిచినట్టు ఆ తోలు విడిచి బయటికి రావాల్సిందే. ఆ పని అది మామూలుగా వెల్లకిలా పడుకునే చేస్తుంది. చచ్చిన సాలీడు అలా ఉండదు, కాళ్ళన్నీ కడుపు కిందికి ముడుచుకుని ఉంటుంది. సాలీడు కాళ్ళలో ముఖ్యమైన కీళ్ళను చాచే కండరాలు లేవు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్ళలోకి నెట్టి వాటిని చాస్తుంది. ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోతుంది, కాళ్ళు ముడుచుకుపోతాయి. గుర్తు ఇంత తేలిక. అయినా ఎవరూ చూడరు.

బెంగళూరులో మా పెద్దమ్మ కొడుకు, అన్న, ఒకటి పెంచుతున్నాడు. మెక్సికో జాతి, మోకాళ్ళ దగ్గర ఎర్రగా ఉంటుంది. అడవిలో పట్టింది కాదు, పెంపకంలో పుట్టిందే. దసరా సెలవులకు నేను పోయేసరికి అది నెలన్నరగా తిండి ముట్టలేదంట. కుబుసానికి ముందు తిండి మానేయడం మామూలే. కానీ దీని కడుపు నిండుగా లేదు, వాడిపోయినట్టు ముడతలు పడి ఉంది. ఒంట్లో నీళ్ళు తక్కువైతే పాత తోలు లోంచి బయటపడడం కష్టమవుతుందని అన్న దిగులు. నీళ్ళ గిన్నె నింపి పెట్టాడు, డబ్బాలో వేసిన చిమటలను ఏరి బయట పారేశాడు. కుబుసం విడిచే సాలీడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది కదా, తిండికని వేసిన చిమటే దాన్ని కొరికి తినేయగలదు.

మర్నాడు మధ్యాహ్నం అది పట్టుదారాలతో చాప లాగా అల్లుకుని దాని మీద వెల్లకిలా పడింది. అన్న పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో చచ్చినదాన్ని పెట్టుకోకూడదని అవ్వ అంటా ఉంది, పెద్దమ్మ చేట తెచ్చింది. నేను అన్నకి ఫోన్ చేస్తే "ఎవరూ ముట్టుకోవద్దు, డబ్బా కూడా కదపొద్దు" అన్నాడు. కాపలా కూర్చున్నాను. రెండు గంటలకి వీపు మీది పెంకు మూత లాగా ఊడింది, ఒక్కో కాలూ బయటికి రావడం మొదలైంది. రాత్రి తొమ్మిదికి ఆరు కాళ్ళు వచ్చాయి. వెనక కుడి వైపు రెండు ఇరుక్కున్నాయి.

అప్పుడు వచ్చాడు పక్కింటి అంకుల్. పట్టకారుతో పట్టుకుని లాగేస్తే సరిపోతుంది, అలా కొట్టుకులాడనివ్వడం పాపం అన్నాడు. చూసి ఓర్చుకోలేక లాగడాన్ని మనం జాలి అంటాం. నేను ఒప్పుకోను. అది మన ఆత్రం.

మన హోసూరు చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళు ఎన్ని లేవు! ఆ పురుగు గూడు కట్టేలోపు నాలుగు సార్లు తోలు విడుస్తుంది. దాన్ని కొందరు జ్వరం అంటారు, కొందరు నిద్ర అంటారు. తల పైకెత్తి కదలకుండా ఉన్న ఆ రోజంతా ఆకు వేయరు, తట్ట కదపరు. పడక తేమ లేకుండా సున్నం చల్లుతారు (టరాంటులాకు తేమ కావాలి, పట్టుపురుగుకు వద్దు, అది వేరే సంగతి). పురుగులు లేవడం లేదని గోటితో తోలు గీకే రైతును ఎవరైనా చూశారా? ఆవు ఈనినాక మాయ పడలేదని లాగబోతే తాతలు చెయ్యి మీద కొట్టరా? ఇంత తెలిసినవాళ్ళం సాలీడు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం? పట్టుపురుగు డబ్బు తెస్తుంది, ఆవు పాలిస్తుంది, సాలీడు ఏమీ ఇవ్వదు. అసలు కారణం ఇదేనని నా అనుమానం.

అన్న లాగలేదు. బొమ్మలు వేసే సన్న కుంచెను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, ఇరుక్కున్న చోట మాత్రం తడి చేశాడు. కడుపు అడుగున ఊపిరి తీసుకునే సందులు ఉంటాయి, అక్కడ నీళ్ళు పడకుండా చూసుకున్నాడు. అరగంటకోసారి అంతే. తెల్లారేసరికి ఒక కాలు వచ్చింది. రెండోదాన్ని సాలీడే మొదలు దగ్గర వదిలేసుకుంది. పోయిన కాలు తర్వాతి కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుంది.

ఇదంతా చదివి టరాంటులా కొనుక్కోమని నేను చెప్పడం లేదు. అడవిలో పట్టినవాటి జోలికైతే పోనే వద్దు. మన తెలుగు నేల మీదే నీలం రంగు టరాంటులా ఒకటి ఉంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందానితో లోకానికి తెలిసింది. మళ్ళీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. అంతరించే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జాతుల్లో ఇప్పుడది ఒకటి. అడవిలో పట్టి, డబ్బాల్లో కుక్కి, నీళ్ళు లేకుండా ఊళ్ళు దాటించి అమ్మితే కుబుసం నాటికి దానికి ఏం శక్తి ఉంటుంది? అమ్మేవాడు డబ్బు లెక్కపెట్టుకుని పోతాడు. ఇది వెల్లకిలా పడుకుంటుందని కూడా చెప్పడు.

కుబుసం అయ్యాక దాని కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా తిండి పెట్టకూడదని అన్న పది రోజులు ఆగాడు. పక్కింటి అంకుల్ మాత్రం పట్టకారు వేసి ఉంటే ఎనిమిది కాళ్ళూ మిగిలేవని ఇప్పటికీ అంటున్నాడు. ఆ విడిచిన తోలు అన్న దగ్గర ఉంది. అందులో కోరల తొడుగులు, పొట్ట లోపలి పొర కూడా ఉన్నాయి. లాగితే వాటిలో ఏది తెగేదో ఆయన్నే చెప్పమన్నాను.