ప్రేమ, జీవశాస్త్రం: ప్రకృతిని సాక్షిగా పిలవొచ్చా?

ప్రేమ మీద ఎస్సే రాయమంటే మనలో చాలామంది రెండో పేరాలోనే ఆక్సిటోసిన్‌ను దింపుతాం. నేనూ దింపాను. ‘ప్రేమ మెదడులో జరిగే రసాయన చర్య మాత్రమే’ అని నోట్సులో రాసి, కింద గీత కూడా గీసుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ వాక్యం సగం తప్పు. దాన్ని మనం వాడే తీరు ఇంకా పెద్ద తప్పు.

ముందు సైన్స్ సంగతి. గేదెను పితికేవాళ్లకు ఆక్సిటోసిన్ పేరు తెలియకపోయినా దాని పని తెలుసు. దూడ వచ్చి పొదుగును కుమ్మితే గేదె చేపుతుంది. దూడ చచ్చిపోతే కొందరు దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెడతారు, పాపం దానికీ చేపుతుంది. ఆ చేపు వెనక ఉన్న హార్మోన్ ఇదే. కాన్పులో గర్భసంచిని బిగించేదీ ఇదే. అంటే క్షీరదాల్లో దీని పాత ఉద్యోగం తల్లీబిడ్డల దగ్గర. జంటల మధ్య మమకారానికి పరిణామం కొత్త యంత్రం కట్టలేదు, తల్లి దగ్గరున్న పాతదాన్నే మళ్లీ వాడుకుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పాత కోడ్‌ను కొత్త పనికి వాడినట్టు అన్నమాట. ఇంజినీరింగ్ చదివిన బుర్రకు ఇలా చెబితేనే ఎక్కుతుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ప్రెయిరీ వోల్. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో ఉండే చిట్టెలుక లాంటి జీవి. జతకట్టాక ఆడా మగా కలిసే ఉంటాయి, పిల్లల్ని కలిసే పెంచుతాయి. దాని దగ్గరి చుట్టం మాంటేన్ వోల్ మాత్రం జతకట్టి తన దారిన తాను పోతుంది. ఆక్సిటోసిన్‌ను, వాసోప్రెసిన్‌ను అందుకునే రిసెప్టర్లు ఈ రెండింటి మెదళ్లలో వేర్వేరు చోట్ల ఉన్నాయని 1990ల నాటికే తేలింది. మన నోట్సులన్నీ ఇక్కడే ఆగిపోయాయి. 2023లో వచ్చిన అధ్యయనంలో, క్రిస్పర్‌తో ఆక్సిటోసిన్ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ప్రెయిరీ వోల్స్ కూడా జంటలు కట్టాయి, పిల్లల్ని కని పాలిచ్చాయి. కాబట్టి ‘ప్రేమ హార్మోన్’ అన్న మాటను ఇక వదిలేద్దాం. ఆ పని ఒక్క అణువు మీద ఆధారపడి లేదు.

అసలు పేచీ దీని తర్వాత మొదలవుతుంది. జంతువుల్లో ఉంది కాబట్టి సహజం, సహజం కాబట్టి న్యాయం అని రాసేస్తాం. సారా హర్డీ అనే మానవ పరిణామ శాస్త్రవేత్త 1970ల్లో మన మౌంట్ ఆబూలో కొండముచ్చులను గమనించారు. గుంపును స్వాధీనం చేసుకున్న కొత్త మగది పాలు తాగే పిల్లల్ని చంపడం, తల్లులు త్వరగా మళ్లీ ఎదకు రావడం ఆమె వివరించారు. అదే హర్డీ 2009లో రాసిన పుస్తకంలో, మనిషి బిడ్డను తల్లి ఒక్కతే పెంచలేదని, అమ్మమ్మలు, అక్కలు, తండ్రులు, ఇతరులు చేయి వేయబట్టే మన జాతి నిలిచిందని వాదించారు. శిశుహత్యా సహజమే, అమ్మమ్మ ఒడీ సహజమే. ఇప్పుడు దేన్ని ఆదర్శంగా తీసుకుందాం?

మన చట్టంలో ఈ ‘సహజం’ 150 ఏళ్లకు పైగా మనుషుల్ని భయపెట్టింది. 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో ఉన్నది ‘ప్రకృతి క్రమానికి విరుద్ధం’ అన్న మాటే. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో, ఇష్టపడిన వయోజనుల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పులో ప్రకృతి ప్రస్తావన లేకపోలేదు, కానీ అది నిలబడింది సమానత్వం, గౌరవం, గోప్యతల మీద. ‘జంతువుల్లోనూ స్వలింగ బంధాలున్నాయి’ అనే వాదన మనవైపు వాళ్లదే అయినా నాకు నచ్చదు. అవి లేకపోయినా ఆ హక్కు ఉండాల్సిందే కదా!

కులం సంగతీ అంతే. ‘మన రక్తం వేరు’ అనేవాళ్లకు 2013 నాటి జన్యు అధ్యయనాన్ని చూపిస్తాం. హైదరాబాద్ సీసీఎంబీకి కూడా భాగమున్న పరిశోధన అది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఉపఖండంలో జనసమూహాలు విరివిగా కలిశాయని, ఆ తర్వాతే లోపలి పెళ్లిళ్లు బిగిశాయని అది చెప్పింది. చూపించడం మంచిదే. ఒకవేళ ఫలితం తిరగబడి ఉంటే మాత్రం? కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లల్ని చంపడం ఒప్పయ్యేదా?

అందుకే ఈ టాపిక్ మీద ఎస్సే వస్తే హార్మోన్లకు ఒక్క పేరా చాలంటాను. మిగతా చోటు 2018 మార్చిలో వచ్చిన శక్తి వాహిని తీర్పుకు ఇవ్వండి. జంటలకు రక్షణ గృహాలు, 24 గంటల హెల్ప్‌లైన్, ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం అని అందులో ఉంది. ఆ విభాగంలో ఉండాల్సింది జిల్లా ఎస్పీ, సంక్షేమ అధికారులు. అంటే మనం ఏ కుర్చీల కోసం ఇన్నేళ్లుగా చదువుతున్నామో, ఆ కుర్చీలే.