మన యూరి ఉగ్గాని

పెరటిచెట్టు మందునకు రాదని పెద్దలు చెప్పిన సామెత వైద్యమునకే కాక వంటకును వర్తించును. దూరపు నగరములలోని భక్ష్యములను పేరుపేరున వర్ణింపగల మన యువకులను, తమ వీధిమలుపున తెల్లవారకమునుపే పొయ్యి రాజేయు ఫలహారశాలను గూర్చి యడిగినచో, "అచట నేమున్నది? ఉగ్గాని, బజ్జి, అంతే" యని పెదవి విరుచుచున్నారు. ఆ "అంతే" యను మాట మాకు సమ్మతము కాదు. ప్యాపిలివంటి యూరిలో నాలుగు బల్లలు, ఒక పొయ్యి గల చిన్న హోటలు చేయుచున్న పని యల్పమైనది కాదనియు, దానిని చులకన చేయుట మనకే నష్టమనియు మా యభిప్రాయము.

ఉగ్గాని యననేమో యెరుగని పాఠకులకొరకు ముందుగా రెండు మాటలు. వడ్లను ఉడికించి, యెండబెట్టి, దంచి, ఆ బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, కాగిన యిసుకలో వేయించినచో పొంగి బొరుగులగును. కోస్తావారు వీనినే మరమరాలందురు. బొరుగులను నీట ముంచి, మెత్తబడగనే పిడికిట పిండి తీసి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేసిన తిరగమాతలో కలిపి, పైని పప్పులపొడి చల్లి, నిమ్మరసము పిండినచో ఉగ్గాని సిద్ధమగును. ప్రక్కన సెనగపిండిలో ముంచి నూనెలో వేచిన మిరపకాయబజ్జి లేనిదే పళ్ళెము నిండినట్లు కాదు. బళ్ళారి వైపు కన్నడిగులును ఇట్టి వంటకమునే మండక్కి ఒగ్గరణె యను పేర భుజింతురు. ఒగ్గరణె యనగా తిరగమాతయే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనవైపు నిలిచినవి; బళ్ళారి మైసూరునకు జేరినది. 2022వ సంవత్సరమున మన ప్యాపిలి సయితము కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల జిల్లాలో చేరినది. హద్దు లెన్ని మారినను పళ్ళెము మారలేదు.

ఈ వంటకము మెట్టసీమలో నేల పుట్టినదో యోచించిన తెలియును. బొరుగులు పొడివస్తువు, తడి తగులకుండ మూటగట్టి యుంచినచో చాలదినములు నిలువయుండును. వానిని తిరిగి యుడికింప నక్కరలేదు. కావున కట్టెలును కాలమును కలిసివచ్చును. వేకువనే పొలమునకు బోవు కూలివానికి, బస్సు దిగి బడికి పరుగిడు పిల్లవానికి, హైదరాబాదునుండి బెంగుళూరునకు 44వ నెంబరు జాతీయరహదారిపై సాగు లారీవానికి కావలసినది నిమిషములలో లభించు వేడి ఫలహారము. చెనిక్కాయల చట్నీ, పప్పులపొడి, ఎండుమిరపకాయల కారము మెట్టపైరులనుండి వచ్చినవే. కొద్ది వానతో పండినదానిని వ్యర్థము చేయక రుచిగా మార్చుకొన్న గృహిణుల తెలివి యిందున్నది. దీనికి గ్రంథకర్త లేడు. కాని బుద్ధి లేనివారు చేసిన వంట మాత్రము కాదు.

ఈ సీమలో కడుపునిండ తినుట యెన్నడును చిన్నమాట కాలేదు. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాతకరువు కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలను పాడుపెట్టినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనులలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. పౌననగా మన లెక్కలో సుమారు 450 గ్రాములు. దినమంతయు రాళ్ళు మోయువానికి అంతే! అట్టి నేలపై నేడొక కూలివాడు తన చేతి డబ్బుతో బల్లపై గూర్చుండి, "ఇంకొంచెము వేయుమన్నా" యని యడుగగలుగుట ఘనమైన మార్పని మేము తలంచుచున్నాము. రాష్ట్రప్రభుత్వము 2018లో నెలకొల్పి, నడుమ మూసి, 2024లో మరల తెరచిన అన్న క్యాంటీనులు పూటకు అయిదు రూపాయలకే భోజనము పెట్టుచున్నవి. అది మెచ్చదగినదే. అయినను అవి ముఖ్యముగా పట్టణములలోనివి. చిన్నయూళ్ళలో ఆ భారమును సర్కారు సాయము లేకయే మోయుచున్నది ఈ చిన్నహోటళ్ళు కావా?

రుచికంటెను ధరకంటెను మాకు ముఖ్యమని తోచు విషయ మింకొకటి కలదు. మన దేశమున పలుచోట్ల ఒకరు లోపల, ఇంకొకరు వెలుపల కూర్చుండి తిన్న దినములు బహుదూరములు కావు. కొందరికి వేరు గ్లాసు, వేరు పళ్ళెము. త్రాగినపిమ్మట దానిని వారే కడిగి పెట్టవలెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళలోనికి పోవుటకు కులమతాది భేదములచేత నెవ్వరికిని అడ్డు కలుగరాదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో దానికి శిక్షాచట్టమును వచ్చినది. కాని చట్టము కాగితముపై నుండును. అది నిజముగా నిలుచుటయో పడిపోవుటయో తెలియునది బల్లమీదనే. ఒకే బల్లపై భుజము భుజము రాసుకొని నలుగురు ఉగ్గాని తినుచుండిన, అచట రాజ్యాంగము అమలగుచున్నదన్నమాట. ఎచటనైనను రెండవ గ్లాసు దాగియున్నచో, అచటి ఉగ్గాని యెంత రుచిగానున్నను విద్యార్థులు దానిని ముట్టరాదు. ఏల ముట్టలేదో చెప్పియే లేచి రావలెను.

ఈ హోటళ్ళపై వచ్చు ఆక్షేపణలను మేము కొట్టివేయుట లేదు. కాచిన నూనెనే మరల మరల కాచుట హానికరము. నూనెలో చెడిన పదార్థముల పాలు నూటికి 25 మించినచో దానిని వంటకు వాడరాదని 2018 జూలైనుండి నిబంధన యున్నది. 2006 నాటి ఆహారభద్రతాచట్టము ప్రకారము చిన్న ఫలహారశాలయు నమోదు కావలసినదే. ఇంక పోషణ సంగతి. బొరుగులు బియ్యమే; బజ్జి నూనెవంట; ప్రతిదినము ఇవియే చాలునని వైద్యు డెవ్వడును చెప్పడు. మన తాతలకు బలమిచ్చినవి జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినపిమ్మట బీదలకు అన్నము దొరికినది, సంతోషమే. కాని మెట్టధాన్యములు మన పళ్ళెములలో వెనుకబడినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినపుడు నగరములవారు కొర్రలను క్రొత్తగా కనుగొన్నట్లు మురిసిరి. కొర్రలు పండించిన సీమ దానిని మరచుట తగునా?

అయితే దోషము లున్నవని హోటలును విడుచుట తగిన మార్గమా? రంగుకాగితపు సంచిలోని ఉప్పుబిళ్ళలకు పరుగిడుట అంతకంటె మేలా? కాదు. వాడుకరి మాట చిన్నహోటలువాడు వినును. వందల మైళ్ళ యవతల సంచి కట్టినవాడు వినడు. "అన్నా, నూనె మార్చుము, పళ్ళెము వేడినీట కడుగుము, వారమునకు రెండు దినములు జొన్నరొట్టె, పల్లెకూర పెట్టుము" అని పదిమంది మర్యాదగా నడిగినచో, పదునొకండవ దినమున ఆ మార్పు కనబడును. అట్లడుగు హక్కు ప్రతిదినము తినువానికే కలదు.

కావున సోదరవిద్యార్థులకు మా విన్నపము నాలుగు మాటలు. మన ఫలహారశాలలో తినుటకు సిగ్గుపడకుడు. అప్పు పెట్టక అప్పటికప్పుడు డబ్బు చెల్లింపుడు; వాని పెట్టుబడి రేపటి బొరుగులమూటయే. శుభ్రతను, సమానమర్యాదను నిర్భయముగా కోరుడు. రానున్న వార్షికోత్సవమున అతిథులకు పొరుగుపట్టణపు మిఠాయిపెట్టెలు తెప్పింపక, మన యూరి హోటలువానిచేతనే ఉగ్గాని, బజ్జి, జొన్నరొట్టె చేయించి వడ్డింపుడు. ఆ దినమున వండినవానిని వంటయింటి వాకిటనే నిలిపి పంపివేయక, అతిథుల పంక్తిలో కూర్చుండబెట్టి మనము వడ్డింతము.