క్రొత్త కారు: కాగితము మీది మైలేజీ, రోడ్డు మీది మైలేజీ



ఒకప్పుడు స్కూటరు మీద నలుగురు సర్దుకొని వెళ్ళిన కుటుంబాలు ఈనాడు బ్యాంకు అప్పుతో చిన్న కారు కొనుక్కుంటున్నాయి. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి, పిల్లలను వానలో తడవకుండా బడికి చేర్చడానికి అది ఎంతో అక్కరకు వస్తున్నది. సంతోషమే. అయితే కారు వచ్చిన రెండు మూడు నెలలకే ఆ ఇళ్ళలో ఒక మాట వినబడుతున్నది: “లీటరుకు 22 ఇస్తుందని చెప్పి అమ్మారు. 14 రావడమే కష్టముగా ఉన్నది. పెట్రోలు అంతా ఎక్కడికి పోతున్నట్టు?”

ఇది కేవలము పెట్రోలు లెక్క కాదు. ఆ ప్రశ్నకు జవాబు దొరకని ఇంటిలో అనుమానము ఎవరో ఒకరి మీద వాలుతుంది. రాత్రిపూట కారు ఎక్కడ త్రిప్పావని కుమారుని నిలదీసిన తండ్రులున్నారు. పెట్రోలు పేరు చెప్పి డబ్బు మరి దేనికో వాడుతున్నారని భర్తతో మాటలు మానిన ఇల్లాండ్రున్నారు. అందుచేత ఈ నెల ఈ లెక్కను మనము కలిసి చూద్దాము.

మొదట ఆ 22 ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలి. మన దేశములో కారు అమ్మకానికి రాకముందు పూణేలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థలలో దానిని పరీక్షిస్తారు. కారును రోడ్డు మీద నడపరు. ప్రయోగశాలలో చక్రాలను రోలర్ల మీద నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగాల ప్రకారము సుమారు 20 నిమిషాలు నడుపుతారు. అందులో అత్యధిక వేగము గంటకు 90 కిలోమీటర్లు. సగటు వేగము 30కి కొంచెము పైన. ఏసీ వేయరు. గుంటలుండవు, ఎదురుగాలి ఉండదు, వెనుక సీటులో ముగ్గురు కూర్చొని ఉండరు, డిక్కీలో బియ్యపు మూట ఉండదు.

కనుక ఆ అంకె అబద్ధము కాదు. అన్ని కార్లకు ఒకే పరీక్ష పెట్టి, ఒకదానితో మరొకదానిని పోల్చడానికి ఏర్పరచిన కొలత అది. మీ వీధిలో, మీ ఎండలో అంతే వస్తుందని ఎవరూ వ్రాసి ఇచ్చిన హామీ కాదు. షోరూములో ఈ తేడాను విడమరచి చెప్పేవారు తక్కువ.

మరి రోడ్డు మీద మైలేజీ ఎందుకు తగ్గుతుంది? మొదటిది, దగ్గరి ప్రయాణాలు. చల్లగా ఉన్న ఇంజను వేడెక్కేవరకు ఎక్కువ ఇంధనము త్రాగుతుంది. బడికి రెండు కిలోమీటర్లు, బజారుకు ఒక కిలోమీటరు వెళ్ళి ఆపే కారు ప్రతిసారీ ఆ ఖర్చును మళ్ళీ మొదటి నుండి భరిస్తుంది. రెండవది, నిలిచి ఉండుట. చిన్న కారైనా ఇంజను ఆడుతూ నిలబడితే గంటకు అర లీటరు పైచిలుకు కాలుతుంది. ఏసీ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ సమయములో కిలోమీటరు ఒక్కటైనా కదలదు. మూడవది, వేగము. 80లో పోయే కారును 100కు తీసుకొనిపోతే గాలి అడ్డు సగానికి పైగా పెరుగుతుంది.

నాలుగవది పెట్రోలే. 20 శాతము ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మన దేశములో 2023లో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని చోట్లకు వచ్చింది. ఎథనాలులో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడవ వంతు తక్కువ. కాబట్టి ఈ మిశ్రమములో లీటరుకు 6, 7 శాతము శక్తి తగ్గుతుంది. దానికి తగినట్లు తయారైన ఇంజన్లు ఆ నష్టములో కొంత పూడ్చుకుంటాయి గాని అంతా కాదు.

ఇక కొలిచే పద్ధతి. ఇది ఇంటిలో ఎవరైనా చేయగలరు. బంకులో పైపు తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపించండి. కిలోమీటర్ల అంకె వ్రాసుకొనండి. ఎప్పటివలె నాలుగైదు వందల కిలోమీటర్లు తిరగండి. మరల అదే బంకులో, అదే విధముగా నింపించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 441 కిలోమీటర్లు తిరిగితే 31.5 లీటర్లు పట్టిందనుకొందాము. 441ని 31.5తో భాగిస్తే 14. ఇది మీ కారు మైలేజీ. ఇలా మూడు సార్లు చేసి సగటు తీయండి. కారు ముందరి తెర మీద కనబడే అంకె సాధారణముగా కొంత ఎక్కువే చూపుతుంది గనుక దానిని నమ్ముకొనరాదు. సీఎన్‌జీ కారైతే లీటర్లకు బదులు కిలోలు.

ఈ కొలత ఎంత మేలు చేస్తుందో మేము ఒక ఇంటిలో చూచాము. ఆరు సంవత్సరాలు నమ్మకముగా పనిచేసిన డ్రైవరును, క్రొత్త కారు వచ్చిన తరువాత, పెట్రోలు తీస్తున్నాడని అనుమానించారు. అతడు కోపపడలేదు. “సార్, పదిహేను రోజులు మీరే నడపండి, మీరే కొట్టించండి. తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి” అన్నాడు. ఆయన అలాగే చేశారు. పట్నపు రద్దీలో, ఏసీ వేసుకొని, తన చేతులతో నడిపితే వచ్చినది 13.6. డ్రైవరు నడిపినప్పుడు వచ్చినదీ దాదాపు అంతే. ఆయన ఆ సాయంత్రమే డ్రైవరు ఇంటికి వెళ్ళి, అతని భార్యాబిడ్డల ఎదుట, పొరపాటు తనదని చెప్పి వచ్చారు. ఒక పుస్తకము, ఒక పెన్సిలు ముందుగా ఉండి ఉంటే ఆ కుటుంబము అన్ని దినాలు తల వంచుకొని తిరగవలసిన అవసరము ఉండేది కాదు.

ఇప్పుడు ఇంటి బడ్జెట్టు సంగతి. నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకొందాము. మైలేజీ 22 అయితే ఖర్చు 5,000. 14 అయితే 7,857. నెలకు 2,857 రూపాయల తేడా. సంవత్సరానికి 34 వేలు దాటుతుంది. బ్యాంకు వాయిదా కట్టే ఇంటికి అది పిల్లల ఫీజులో ఒక భాగము. కనుక కారు కొనబోయేవారు బ్రోచరులోని అంకెను మూడు భాగాలు చేసి రెండు భాగాలే వస్తాయని లెక్క వేసుకొనుట క్షేమము. ఎక్కువ వస్తే మిగులు. అదే కారు, అదే ఊరిలో నడుపుతున్న ఒకరిద్దరిని ముందుగా అడుగుట మరీ మంచిది.

ఖర్చు తగ్గించుకొనే మార్గాలు కూడ ఉన్నవి. పక్షానికొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు వైపు తలుపు చట్రము మీది చీటీలో ఉంటుంది. పైన లగేజీ క్యారియరు అవసరము లేనప్పుడు తీసివేయండి. రెండు మూడు పనులు ఒకే ప్రయాణములో కలుపుకొనండి. ఎండలో నిలిపిన కారులో అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి తరువాత ఏసీ వేయండి. ముందు సిగ్నలు కనబడగానే కాలు తీసి నెమ్మదించండి. రైల్వే గేటు వద్ద ఇంజను ఆపండి.

ఒక్కటి మాత్రము చేయవద్దు. శ్రీశైలము, అరకు వంటి ఘాట్లలో దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్లో వదిలేవారున్నారు. ఇది పాత కార్ల నాటి అలవాటు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఇంధనము దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లోనే ఇంజను ఆడడానికి కాలుతుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మిగిలేది ఏమీ లేదు, పోయేది ప్రాణము.

కారు క్రొత్తదైతే కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల కొలవండి. ఇంజను సర్దుకొని కొంత మెరుగుపడవచ్చును. ఆ మీదట మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చుకొనండి. 14 ఇచ్చే కారు హఠాత్తుగా 11కు దిగితే బ్రేకులు పట్టుకొనుచున్నవేమో, గాలి ఫిల్టరు మూసుకొనిపోయిందేమో మెకానిక్కుకు చూపించండి. మనుషులను అడుగవలసిన ప్రశ్నలేమైనా ఉంటే అవి ఆ తరువాత.

ఈ నెల జీతము రాగానే ట్యాంకు నింపించి, అంకె వ్రాసుకొనండి. ఆ పుస్తకము కారులోనే, ఇంటివారందరికీ అందేటట్లు ఉంచండి.