సుబ్బారావుకు హెచ్-ఇండెక్స్ ఎంత?

శాస్త్రవేత్తను పరిచయం చేసే తెలుగు వ్యాసాలకు ఇటీవల ఒక మూస స్థిరపడింది. పుట్టిన ఊరు, చదివిన బడి, చేరిన విదేశీ విశ్వవిద్యాలయం, ఆ తర్వాత అంకెలు: ఇన్ని వందల పత్రాలు, ఇన్ని వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత, ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు. అణుజీవశాస్త్రంలో, క్యాన్సర్ పరిశోధనలో ఉన్నవారి విషయంలో ఈ మూస మరీ బిగుసుకుపోయింది. వ్యాసం ముగిసేసరికి ఆయన ఎంత పెద్దవాడో పాఠకుడికి తెలుస్తుంది. ఏమి కనుక్కున్నాడో తెలియదు. ఏ కణంలో ఏ ప్రోటీన్ గురించి ఏమని అడిగాడు, జవాబు దొరికిందా, దొరికిన జవాబు మరొకరి ప్రయోగశాలలో నిలిచిందా అన్న ప్రశ్నలకు అక్కడ తావుండదు. సన్మానపత్రంలో బిరుదులు ఉండే చోట అంకెలు వచ్చి కూర్చున్నాయి. అంతకుమించి మారిందేమీ లేదు.

ఈ కొలబద్దతో యల్లాప్రగడ సుబ్బారావును కొలిచి చూడాలి. ఎందుకంటే ఆయన పేరు చెప్పుకొని గర్వపడేవారే ఈ కొలబద్దను చేతపట్టుకొని తిరుగుతున్నారు.

సిద్ధార్థ ముఖర్జీ 2010లో వెలువరించిన 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' క్యాన్సర్ వ్యాధికి రాసిన జీవితచరిత్ర. అందులో సుబ్బారావుకు దక్కినవి కొద్ది పేజీలే. అయినా ఆ కొద్ది పేజీల్లోనే ఆయన పని ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో పాఠకుడికి అర్థమవుతుంది. బోస్టన్‌లో పసిపిల్లల లుకేమియాతో పెనుగులాడుతున్న సిడ్నీ ఫార్బర్ చేతికి మందు ఏ దారిన వచ్చిందో ముఖర్జీ చెబుతాడు. సుబ్బారావు పత్రాలెన్నో ఆయన లెక్కపెట్టడు. ఆ లెక్క లేనందువల్ల కథకు లోటేమీ రాలేదు.

లెక్కే కావాలంటే, అదీ చూడవచ్చు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరిన సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఒక పత్రం ప్రచురించాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి తేల్చే పద్ధతి అది. ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నీ దాన్ని వాడుకున్నాయి. వాడిన ప్రతివారూ ఉటంకించారు. ఆ ఉటంకింపులు వేలలో ఉన్నాయి. అదే జంట 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీసింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు. జీవకణం శక్తిని ఏ రూపంలో ఖర్చుపెడుతుందన్న ప్రశ్నకు సమాధానం అక్కడుంది. నేడు పాఠశాల విద్యార్థికి కూడా ఏటీపీ తెలుసు. అందువల్లనే దాని గురించి రాసేవారెవరూ 1929 నాటి పత్రాన్ని ఉటంకించరు. కొలత పద్ధతికి వేల సైటేషన్లు దక్కుతాయి; జీవశాస్త్రపు పునాదిరాయి లోకజ్ఞానంలో కలిసిపోయి లెక్కకు అందకుండా పోతుంది.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకక సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాడు. యౌవనంలో తన సోదరులను స్ప్రూ వ్యాధి బలితీసుకోవడం ఆయన కళ్లారా చూశాడు. లెడర్లీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు చికిత్స అందులో దొరికింది. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా అదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందికి ఇస్తే 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. క్యాన్సర్‌కు రసాయన చికిత్స అనే శాఖ నిలదొక్కుకోవడానికి ఆధారమైన పత్రాల్లో అది ముఖ్యమైనది. దాని రచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. రెండు నెలలకు, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ లుకేమియా పిల్లల చికిత్సలో ఉంది. కీళ్లవాతం రోగులకూ వారం వారం పడుతోంది.

ఇప్పుడు లెక్క చెప్పేవారు జవాబు చెప్పాలి. ఈ మనిషి ఖాతాలో భాస్వరం పరీక్ష పర్వతమంత ఉంది; పసిపిల్లల లుకేమియాను వెనక్కి నెట్టిన ఆ పత్రానికి దక్కింది సున్న. కొలబద్ద తప్పా, మనిషి తప్పా?

ఇది ఒక్క సుబ్బారావుకు పట్టిన దురదృష్టమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ఉటంకించబడిన వంద పత్రాల జాబితా వేసింది. మొదటి స్థానం 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రచురించిన ప్రోటీన్ కొలత పద్ధతిది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. అది గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే నిజాయితీగా ఒప్పుకున్నాడు. డీఎన్ఏ జంటపేట నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల పత్రానికి ఆ వందలో చోటు లేదు. సైటేషన్ అనేది వాడుకకు గుర్తు, విలువకు కాదు. ఊళ్లో అందరూ వాడే తూకంరాయికీ, ఆ ఊరికి నీళ్లు తెచ్చిన కాలువకూ ఉన్న తేడా అది.

ఈ లెక్కలు పుట్టించినవారి ఉద్దేశమూ ఇది కాదు. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది ఒక ఆలోచన ఒక పత్రం నుంచి మరో పత్రానికి ఎలా ప్రయాణించిందో వెతుక్కోవడానికి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికలను పోల్చడానికి పుట్టిన సగటు: గత రెండేళ్లలో ఒక పత్రిక ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడు ఎన్నిసార్లు ఉటంకించారన్నదే దాని లెక్క. ఆ సగటును తెచ్చి మనిషి మెడలో వేశారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాక పని మరింత సులువైంది. ఒక జీవితం ఒక అంకెలో ఇమిడిపోయింది.

రెండేళ్ల గడువుతో క్యాన్సర్ శాస్త్రాన్ని కొలవడం ఎంత అవివేకమో పేటన్ రౌస్ కథ చెబుతుంది. కోళ్లలో వచ్చే ఒక రకం కణితి వైరస్ వల్ల సంక్రమిస్తుందని ఆయన 1911లో చూపించాడు. సమకాలికులు నమ్మలేదు. నోబెల్ బహుమతి 1966లో వచ్చింది. ఆ వైరస్‌లోని జన్యువుకు మూలం మామూలు కణంలోనే ఉందని 1976లో బిషప్, వార్మస్ బృందం తేల్చింది. వారికి 1989లో నోబెల్ దక్కింది. కోడి కణితిలో వేసిన ప్రశ్నకు జవాబు పండడానికి అరవై ఐదేళ్లు పట్టింది.

పాత సంగతులు సరే, ఇప్పటి మాటేమిటని అడగవచ్చు. 2012లో ఆమ్జెన్ సంస్థలో పనిచేసిన గ్లెన్ బెగ్లీ, లీ ఎల్లిస్‌తో కలిసి నేచర్‌లో ఒక విషయం బయటపెట్టాడు. క్యాన్సర్ పరిశోధనలో మైలురాళ్లుగా పేరుపడ్డ 53 పత్రాలను ఆ సంస్థ తిరిగి పరీక్షిస్తే, ఫలితం నిలిచినవి 6 మాత్రమే. నిలవని పత్రాలకు సైటేషన్లు తగ్గలేదు. మధ్యస్థాయి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గల పత్రికల్లో, నిలవని పత్రాలకు సగటున 169 సైటేషన్లుంటే నిలిచినవాటికి 13. నిలిచినవి గుప్పెడే కనుక ఆ సగటు మీద మేడలు కట్టకూడదు. కానీ సైటేషన్లు ఎక్కువుంటే నిజం ఎక్కువున్నట్టే అనేవారికి ఇందులో ఊరట ఏదీ లేదు. క్యాన్సర్ శాస్త్రంలో ఈ తేడా పండితుల తగవు కాదు. నిలవని ఫలితాన్ని నమ్ముకొని ఔషధ ప్రయోగాలు మొదలవుతాయి. వాటిలో చేరేవారు వేరే దారి మిగలని రోగులు.

అంకెను పూజించిన చోట అంకెను తయారుచేసే కార్ఖానాలూ వెలుస్తాయి. భారతదేశంలో 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల పద్ధతి పెట్టాక, డబ్బు తీసుకొని ఏది పంపితే అది అచ్చువేసే పత్రికలకు గిరాకీ పెరిగింది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. ఏటా తెలుగు పత్రికల్లో వార్తగా వచ్చే రెండు శాతం జాబితా సంగతి మరీ విచిత్రం. దాన్ని తయారుచేసే బృందానికి పెద్ద స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ ఇయోన్నిడిస్. ప్రచురితమయ్యే పరిశోధన ఫలితాల్లో ఎక్కువ భాగం తప్పేనని 2005లో వాదించి పేరుపొందినవాడూ ఆయనే. జాబితాకు దండ వేసేవారు ఆ వాదనను కూడా చదివితే బాగుండును.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయకూడదు. అంకెలు లేకపోతే మిగిలేది పెద్దల అభిప్రాయమే కదా, ఆ పెద్దలే కదా సుబ్బారావుకు హార్వర్డ్‌లో చోటివ్వనిది, అండలేని పరదేశికి కనీసం అంకె తోడుంటుంది కదా అంటారు. ఈ మాటలో న్యాయముంది. వలస వచ్చిన ఎందరో పరిశోధకులు ఆ తోడుతోనే ఉద్యోగాలు, వీసాలు సంపాదించుకున్నారు. అయితే అంకె కూడా పెద్దల చేతిలోనే ఉంటుంది. పత్రం మీద ఎవరి పేరుండాలో, ఏ వరుసలో ఉండాలో తేల్చేది ప్రయోగశాల యజమాని. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ వెలుగు చూడనివ్వలేదనీ, తర్వాతివారు వాటిని మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ చెప్పాడు. అచ్చుకాని పనికి అంకె ఉండదు. పక్షపాతానికి విరుగుడు పనిని చదవగలిగిన పాఠకులు పెరగడమే. చదవకుండా తీర్పు చెప్పే సాధనం కాదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రవేత్తలు రూపొందించిన ప్రకటన అడిగింది ఇదే: పత్రిక పేరును కాక, పత్రాన్ని చూడండి.

తెలుగు సాహిత్య పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. గురజాడ ఎన్ని పుస్తకాలు అచ్చువేశాడని, ఆయన మీద ఎన్ని సిద్ధాంత గ్రంథాలొచ్చాయని లెక్కగట్టి 'కన్యాశుల్కం' విలువ తేల్చేవాణ్ణి ఏ సభలోనూ మాట్లాడనివ్వరు. ఆ మర్యాద శాస్త్రవేత్తకు ఎందుకు దక్కదు? నాటకం చదివి మాట్లాడమన్నవారే, ప్రయోగం చదవకుండా మాట్లాడుతున్నారు. సుబ్బారావుకు నోబెల్ రాలేదని కన్నీరు పెట్టుకోవడం కూడా ఆ కొలబద్దకు మరో కొసే.

శాస్త్రవేత్త జీవితం రాయబూనేవారు మూడు సంగతులు చెప్పగలిగితే చాలు: ఆయన ఏమి అడిగాడు, ఏమి తేలింది, తేలింది మరొకరి చేతిలో నిలిచిందా. వీటికి జవాబులు తెలియకపోతే ఆ వ్యాసం ఇంకా రాయవలసిన సమయం రాలేదన్నమాట. ఇవాళ ఏదో ఒక ఆసుపత్రిలో లుకేమియా ఉన్న పిల్లవాడి వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కిస్తూ ఉంటారు. ఎక్కించే వైద్యుడు దేన్నీ ఉటంకించడు. ఆ పిల్లవాడు బడికి తిరిగి వెళ్లినా, అది ఏ సూచికలోనూ నమోదు కాదు.