నరసాపురపు పూర్వికులు

అమెరికాలోని మోర్మను మతస్థులు, 1847లో మైదానములు దాటి సాల్ట్ లేక్ లోయకు చేరిన తమ తాతముత్తాతల దినచర్యలను అచ్చొత్తించి పదిలపఱచుకొనుచుండగా, అంతకు పదునొకండేండ్లు ముందే, 1836లో, క్రైస్తవ మతప్రచారకుడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుండి ఓడయెక్కి వచ్చి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములయందు స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల జీవితములను మన గోదావరి మండలమున, క్రైస్తవ సంఘములవారు తప్ప, తలచువారరుదు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టువాడు. దొరలనగానే మనము ఊహించుకొను దర్పము వీరికెక్కడిది!

కాటన్ దొరకువలె వీరికిని విగ్రహములు నిలుపుడని నేననను. వారి మాట విని, ఊరివారి ఆగ్రహమునకోర్చి బాప్తిస్మము పొందిన మాలమాదిగ పల్లెల పూర్వికుల కథలే నాకు ముఖ్యములు. ముసలివారి నోట మిగిలిన ఆ కథలను, సంఘముల పాతపుస్తకములను జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ యేడే వ్రాయించి భద్రపఱచవలెను.