రెండు పాస్‌పోర్టులు, ఒకే జెర్సీ

2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ 1-0తో భారత్‌ను ఓడించింది. ఆసియా కప్ క్వాలిఫయర్ల లెక్కలో ఆ మ్యాచ్‌కు విలువ లేదు, రెండు జట్లూ అప్పటికే పోటీ నుంచి తప్పుకున్నాయి. కానీ భారత్ మీద బంగ్లాదేశ్‌కు 22 ఏళ్ళ తర్వాత దక్కిన గెలుపది. గోల్ కొట్టింది షేక్ మొర్సాలిన్. ఆ ఆధిక్యాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు హంజా చౌధురి. మొదటి సగంలో మన ఆటగాడు ఛాంగ్తే కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళ్తుంటే తలతో అడ్డుకుని బయటకు పంపేశాడు.

హంజా పుట్టింది ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో. తల్లిది సిల్హెట్ ప్రాంతపు కుటుంబం, కన్నతండ్రిది కరీబియన్ దీవి గ్రెనడా. లెస్టర్ సిటీ అకాడమీలో పెరిగి 2021లో ఆ జట్టుతో ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకూ ఆడాడు. సీనియర్ జట్టు నుంచి మాత్రం పిలుపు రాలేదు. 2024లో బంగ్లాదేశ్ పాస్‌పోర్టు తీసుకున్నాడు, ఏడాది చివరికి ఫిఫా అనుమతి వచ్చింది. తొలి మ్యాచ్ 2025 మార్చిలో షిల్లాంగ్‌లో, అదీ మన మీదే. షిల్లాంగ్ కొండలు దిగితే వచ్చే మైదాన ప్రాంతమే అతని తల్లివైపు వారి సిల్హెట్.

ఢాకా మ్యాచ్‌కు భారత బృందంతో ఇంకొకరు వెళ్ళారు. పేరు రయాన్ విలియమ్స్. పెర్త్‌లో పుట్టి, ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడి, బెంగళూరు ఎఫ్‌సీలో స్థిరపడ్డాడు. తల్లి ముంబయి ఆంగ్లో ఇండియన్ కుటుంబంలోని ఆడపడుచు. తల్లివైపు తాత 1950ల్లో బొంబాయి తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు. విలియమ్స్ 2019లో ఆస్ట్రేలియా తరఫున ఒకే ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాడు. భారత్‌కు ఆడడం కోసం ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకున్నాడు. అయినా కావలసిన అనుమతి పత్రం సమయానికి అందక ఢాకాలో బరిలోకి దిగలేకపోయాడు.

ఇద్దరూ అమ్మమ్మల నేల కోసం ఆడాలనుకున్నవారే. హంజా బ్రిటిష్ పాస్‌పోర్టును జేబులో ఉంచుకునే ఇంకొకటి తీసుకున్నాడు. విలియమ్స్ ఒకటి వదులుకుంటే తప్ప ఇంకొకటి చేతికి రాలేదు. రెండు దేశాల ఆటగాడు ఎటు వెళ్తాడన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం అతని మనసు గురించి, దేశభక్తి గురించి మాట్లాడతాం. అతని ముందు ఏ తలుపులు తెరిచి ఉన్నాయో, ఏవి మూసి ఉన్నాయో చూడం. ముందు చూడవలసింది దాన్నే.

ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో అడ్డే ఉండేది కాదు. లూయీస్ మోంటీ 1930 ప్రపంచకప్ ఫైనల్ అర్జెంటీనాకు ఆడాడు, 1934లో ఇటలీ తరఫున కప్పు గెలిచాడు. హంగరీ ఆటగాడు పుష్కాష్ స్పెయిన్‌కూ ఆడాడు. ఆ తర్వాత ఫిఫా నిబంధనలను ఎంత బిగించిందంటే, సీనియర్ జట్టుకు ఒక్క అధికారిక మ్యాచ్ ఆడినా చాలు, ఆటగాడు జీవితాంతం ఆ దేశానికే కట్టుబడాలి. దాని బాధ ఏమిటో మునీర్ ఎల్ హద్దాదీకి తెలుసు. స్పెయిన్‌లో పుట్టిన మొరాకో తండ్రి బిడ్డ. 2014 సెప్టెంబరులో, పందొమ్మిదేళ్ళ వయసులో, మాసిడోనియా మీద యూరో క్వాలిఫయర్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి 13 నిమిషాలు ఆడాడు. స్పెయిన్ మళ్ళీ పిలవలేదు. మొరాకో పిలిచింది కానీ, ఆ 13 నిమిషాలు అడ్డుపడ్డాయి. 2018 ప్రపంచకప్‌కు ముందు క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళినా ఊరట దక్కలేదు. 2020లో ఫిఫా నిబంధన సడలించింది: 21 ఏళ్ళు నిండకముందు మూడు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే, ప్రపంచకప్‌ లాంటి ప్రధాన టోర్నీలో ఆడి ఉండకపోతే, మూడేళ్ళు గడిచాక మారవచ్చు. మునీర్ చివరికి 2021లో మొరాకో జెర్సీ వేసుకున్నాడు. ఆరున్నరేళ్ళు పోయాయి. ఫుట్‌బాలర్ ఆయుష్షులో అవి సగం.

పెద్ద సమాఖ్యలు చిన్న వయసులోనే పిల్లలకు సీనియర్ జెర్సీ తొడిగించడానికి తొందరపడేది ఇందుకే. లామిన్ యమాల్ తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినియా. 2023 సెప్టెంబరులో జార్జియా మీద స్పెయిన్ అతన్ని దింపినప్పుడు వయసు పదహారేళ్ళు దాటి దాదాపు రెండు నెలలు. ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. మరుసటి ఏడు యూరో ఆడి గెలిచాడు, దాంతో రెండో దారి శాశ్వతంగా మూసుకుపోయింది. ఆ వయసు పిల్లవాడి నిర్ణయాన్ని కోట్లమంది విధేయతా పరీక్షగా చూడడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

విధేయత అనే కొలత ఎంత పనికిరానిదో ఇన్యాకి, నికో అనే అన్నదమ్ములను చూస్తే తెలుస్తుంది. ఘనా నుంచి బయలుదేరిన తల్లిదండ్రులు సహారా ఎడారిలో కొంత దూరం కాళ్ళీడ్చుకుంటూ నడిచి స్పెయిన్ చేరారు. అప్పటికే తల్లి కడుపులో ఉన్న ఇన్యాకి బిల్బావోలో పుట్టాడు. తమ్ముడు నికో ఎనిమిదేళ్ళ తర్వాత పాంప్లోనాలో పుట్టాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి ఒకే క్లబ్బుకు ఆడారు. 2022 ప్రపంచకప్‌లో అన్న ఘనాకు, తమ్ముడు స్పెయిన్‌కు ఆడారు. అన్న 2016లో స్పెయిన్ తరఫున ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి, పిలుపు మళ్ళీ రాక, ఘనా వైపు వెళ్ళాడు. తమ్ముడు 2024 యూరో ఫైనల్లో స్పెయిన్‌కు తొలి గోల్ కొట్టాడు. వీరిలో ఎవరు దేశభక్తుడు, ఎవరు కాదు? ఒకే తల్లి పిల్లల్ని ఇలా తూచే తక్కెడ మన దగ్గర ఉందా? జర్మనీకి ప్రపంచకప్ తెచ్చిన మెసూత్ ఓజిల్ 2018లో జాతీయ జట్టు నుంచి తప్పుకుంటూ చెప్పింది కూడా ఇదే: గెలిస్తే జర్మన్‌గా, ఓడితే వలసవాడిగా చూశారని.

ప్రవాస బిడ్డల్ని తనవారుగా చేసుకోవడంలో మొరాకో ఈ తరానికి గురువు. 2022 ప్రపంచకప్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టది, 26 మందిలో 14 మంది బయట పుట్టినవారే. స్పెయిన్‌ను ఇంటికి పంపిన ఆఖరి పెనాల్టీ కొట్టిన హకీమీ పుట్టింది మాడ్రిడ్‌లోనే. మొరాకో సమాఖ్య యూరప్‌లో స్కౌట్లను పెట్టి, ఆటగాళ్ళు కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులను కలిసింది. స్వదేశంలో మంచి అకాడమీ కూడా కట్టింది.

మన దగ్గర పరిస్థితి వేరు. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ఉన్నంతకాలం విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికి భారత పౌరసత్వం పోతుంది. భారత మూలాల విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. జాతీయ జట్లకు భారత పాస్‌పోర్టు ఉన్నవారే ఆడాలని 2008లో కేంద్రం తేల్చింది. ఒకవేళ కేంద్రం దాన్ని సడలించినా ఫిఫా ఒప్పుకోదు, దానికి కావలసింది శాశ్వత జాతీయత. ఓసీఐ అంటే దీర్ఘకాలపు వీసా సదుపాయమే తప్ప పౌరసత్వం కాదు.

కాబట్టి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో గోల్ కొట్టిన మైకేల్ చోప్రా భారత్‌కు ఆడాలనుకున్నా కుదరలేదు. జపాన్‌లో పుట్టిన గుజరాతీ తండ్రి బిడ్డ అరాటా ఇజుమి జపాన్ పాస్‌పోర్టు వదులుకుని 2013లో ఆడాడు. అతనికి, ముప్పై దాటిన విలియమ్స్‌కు భారత లీగే జీవనం కనుక ఆ త్యాగం సాధ్యమైంది. అదే ఇంగ్లండ్‌లో ఇరవై రెండేళ్ళ కుర్రాడైతే? బ్రిటిష్ పాస్‌పోర్టు ఇచ్చేస్తే అక్కడ ఆడడానికి పర్మిట్ కావాలి. దాన్ని పాయింట్ల లెక్కన ఇస్తారు. ఆ లెక్కలో ఆటగాడి దేశపు ఫిఫా ర్యాంకుకు పెద్ద బరువుంది, మన ర్యాంకు వందకు అవతల ఉంది. అంటే భారత జెర్సీ వేసుకున్నందుకు అతని ఉద్యోగమే పోవచ్చు. అతన్ని దేశం పిలుస్తున్నా రాలేదనడానికి మనకేం హక్కుంది?

ఇది తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. మారిషస్ నుంచి వెళ్ళిన తెలుగు మూలాల కుటుంబంలో ఫ్రాన్స్‌లో పుట్టిన వికాష్ దొరాసూ 2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ జట్టులో ఉన్నాడు. ఇప్పుడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో శని, ఆదివారాల సాకర్ పోటీలకు పిల్లల్ని కారులో తిప్పే తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఆ పిల్లల్లో ఒకరు నిజంగా ఎదిగినా భారత్ వైపు దారి, ఉన్న పాస్‌పోర్టు వదులుకుంటేనే.

బయటివారు వస్తే ఇక్కడి కుర్రాళ్ళకు చోటు పోతుందనే భయం తీసిపారేయదగ్గది కాదు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది ఈ నేల మీద పెరిగిన ఆటగాళ్ళతోనే. అదే హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ పరంపర కొడిగట్టింది. పాస్‌పోర్టు మార్చినంత మాత్రాన మైదానాలు లేచిరావు. అయితే ఢాకాలో గోల్ కొట్టింది బంగ్లాదేశ్‌లో పెరిగిన మొర్సాలిన్, దాన్ని కాపాడింది లఫ్‌బరోలో పుట్టిన హంజా. ఒకరి చోటు ఇంకొకరు లాక్కోలేదు.

క్రీడాకారులకు పరిమితంగానైనా ద్వంద్వ పౌరసత్వం ఇచ్చే సవరణ గురించి పార్లమెంటు మాట్లాడాలని నా అభిప్రాయం. భద్రతా సందేహాలు ఉంటే ఒక్కో దరఖాస్తునూ విడిగా పరిశీలించి ఇవ్వవచ్చు. చట్టం మారేదాకా ఫుట్‌బాల్ సమాఖ్య ఖాళీగా కూర్చోనక్కరలేదు. ముప్పై దాటినవారి వెంట పడడం కన్నా, పదిహేనేళ్ళ వయసులో లెస్టర్‌లోనో డల్లాస్‌లోనో ఆడుతున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి, ఏ పాస్‌పోర్టు ఉంటే ఏ దారి తెరుచుకుంటుందో, ఏది మూసుకుపోతుందో తల్లిదండ్రులకు ముందే విడమరిచి చెప్పాలి. మునీర్‌కు ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే 13 నిమిషాల కోసం ఆరున్నరేళ్ళు పోగొట్టుకునేవాడు కాదేమో.