స్టార్టింగ్‌లో గలగల "నార్మల్" కాదండీ బాబూ!

ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపితే ఎలాంటి చప్పుడొస్తుంది? రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి మా అపార్టుమెంటు సెల్లార్లో నా కారు స్టార్ట్ చేస్తే అచ్చం అలాగే వచ్చేది. రెండు సెకన్లు, మహా అయితే మూడు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు బుద్ధిగా తిరిగేది. సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌లో ఇంకో రెండు సెకన్లు. రోజంతా కలిపి ఐదు సెకన్ల గొడవకి ఎవడు బుర్ర పాడుచేసుకుంటాడు చెప్పండి!

అయినా సర్వీసుకి ఇచ్చినప్పుడు అడిగాను. అడ్వైజర్ బానెట్ కూడా ఎత్తలేదు. "నార్మలే సార్, చైన్ ఇంజన్లన్నీ అంతే" అన్నాడు. నేను నడుపుకుంటూ వెళ్ళేసరికి ఇంజను వేడెక్కి ఉంది కాబట్టి అక్కడ చప్పుడు రానే రాదు. జాబ్ కార్డు మీద "కస్టమర్ చెప్పిన సౌండ్ రాలేదు" అని రాసి పంపేశాడు. మన భాషలో చెప్పాలంటే "కెనాట్ రీప్రొడ్యూస్", టికెట్ క్లోజ్‌డ్. నేనూ సంతోషంగా ఇంటికొచ్చేశాను. కంపెనీ వాడే చెప్పాక ఇంకేం భయం అని.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇక్కడుంది. మా టీమ్‌లో ఒకతనిది కూడా అదే మోడల్ కారు. 2023 చివర్లో ఒకరోజు లంచ్‌లో "మామా, నా బండి పొద్దున్నే స్టార్టింగ్‌లో ఏదో గలగలమంటోంది, నీది కూడా అంటుందా?" అని అడిగాడు. నేను పెద్ద పండితుడిలా "నాదీ అంతే మామా, చైన్ ఇంజన్లకి నార్మలే" అన్నాను. వాడు నా మాట నమ్మాడు.

2024 సంక్రాంతికి వాడు భార్యనీ, రెండేళ్ళ పాపనీ తీసుకుని విజయవాడ బయల్దేరాడు. సూర్యాపేట దాటాక హోటల్ దగ్గర ఆగి, గంటసేపు కూర్చుని భోంచేసి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. గలగల, ఠక్ మని ఒక దెబ్బ, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే స్టార్టర్ ఏ అడ్డూ లేనట్టు ఉత్తగా గిరగిరా తిరుగుతోంది. రాత్రి పదకొండింటికి చలిలో, చంకలో పాపతో, పండగ ట్రాఫిక్‌లో టోయింగ్ బండి కోసం మూడు గంటలు. చైన్ పళ్ళు జారింది, వాల్వులు వంగాయి. ఇంజన్ హెడ్ దింపి బాగుచేయడానికి లక్షా నలభై వేలు. అదే హైవే మీద వందలో ఉండగా జరిగుంటే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలేదు.

"నువ్వేగా నార్మల్ అన్నావ్" అని వాడు ఒక్క మాట అనలేదు. సెలవుల తర్వాత ఆఫీసుకొచ్చి "నీ బండి ఇంకా చప్పుడు చేస్తోందా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బావుండేది.

ఇంతకీ ఆ రెండు సెకన్లలో ఏం జరుగుతుందో చూద్దాం. ఇంజన్లో కింద క్రాంక్ షాఫ్ట్, పైన క్యామ్ షాఫ్ట్ ఉంటాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెంటినీ కట్టి ఉంచేదే టైమింగ్ చైన్. సైకిల్ చైన్ వదులైతే వెనక చక్రం జరిపి బిగిస్తాం కదా, ఇంజన్లో ఆ పని చేసేది టెన్షనర్. చిన్న సిరంజి లాంటి వస్తువు. లోపల ఒక స్ప్రింగు, దానికి తోడు ఇంజన్ ఆయిల్ ప్రెషర్. రెండూ కలిసి ఒక చిన్న పిస్టన్‌ని బయటికి తోస్తాయి, అది ప్లాస్టిక్ గైడుని చైన్ మీదకి నొక్కి పడుతుంది.

ఇంజను ఆపితే ఆయిల్ ప్రెషర్ ఉండదు. రాత్రంతా నిలబెడితే టెన్షనర్‌లో ఆయిల్ మెల్లిగా జారిపోవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేశాక పంపు మళ్ళీ ఆయిల్ పంపేదాకా ఆ ఒకటి రెండు సెకన్లు చైన్‌ని పట్టుకోవాల్సింది స్ప్రింగూ, పిస్టన్ వెనక్కి జారకుండా ఆపే రాట్చెట్ పళ్ళూ మాత్రమే. అవి బాగుంటే మీకు చప్పుడు వినబడదు. అవి అరిగితే వదులు చైను అటూ ఇటూ కొట్టుకుంటుంది. అదే మన గలగల. ఆ వదులు మరీ ఎక్కువైతే చైను స్ప్రాకెట్ మీద ఒక పన్నో రెండు పళ్ళో జారుతుంది. ఈ కాలం ఇంజన్లలో చాలావాటిల్లో వాల్వూ పిస్టనూ ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటాయి. టైమింగ్ తప్పితే రెండూ గుద్దుకుంటాయి. మన వాళ్ళకి వివరించక్కర్లేదు, ఇద్దరు థ్రెడ్లు లాక్ లేకుండా ఒకే మెమరీలో రాస్తే ఏమవుతుందో అదే, కాకపోతే ఇక్కడ రీస్టార్ట్ కొడితే బాగుపడదు :)

సంక్రాంతి తర్వాత వారం నా బండిని మూసాపేటలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి భాయ్ మొదటి ప్రశ్న "గీ సప్పుడు ఎన్ని దినాల సంది వస్తుంది సార్?" రెండో మాట "రాత్రికి బండి ఈడనే ఇడ్సిపెట్టుండ్రి, పొద్దుగాల సల్లగున్నప్పుడు నేనే స్టార్ట్ చేసి ఇంటా." చూశారా? ఏసీ రిసెప్షన్లో ఎవడికీ తట్టని ఆలోచన! బగ్ పొద్దున వస్తే పొద్దున్నే చూడాలి. మర్నాడు పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక చివర టైమింగ్ కవర్ మీద, ఇంకో చివర చెవి దగ్గర పెట్టుకుని నన్ను స్టార్ట్ చేయమన్నాడు. రెండు సెకన్లు విని "టెన్షనర్ పోయింది" అన్నాడు. ముందు ఆయిల్ లెవెలూ ప్రెషరూ చూసి, అవి బాగానే ఉన్నాయన్నాకే కవర్ విప్పాడు.

విప్పి తీసిన టెన్షనర్‌ని నా చేతిలో పెట్టాడు. బొటనవేలితో నొక్కితే పిస్టన్ మెత్తగా లోపలికి పోయింది. పోకూడదు, రాట్చెట్ ఆపాలి. ప్లాస్టిక్ గైడు మీద చైను రెండు గాడులు తవ్వింది. ఊడిన ముక్కలు కింద ఆయిల్ సంప్‌లో ఆయిల్ పీల్చుకునే జాలీ దగ్గర చేరాయి. ఆ జాలీ మూసుకుపోతే ఆయిల్ ప్రెషర్ ఇంకా తగ్గుతుంది, తగ్గితే టెన్షనర్ ఇంకా వదులవుతుంది, గైడు ఇంకా ఊడుతుంది. "నార్మల్" అన్న చప్పుడు వెనకాల జరుగుతున్న కథ ఇదీ. టెన్షనరూ, గైడులూ, చైనూ, కొత్త ఆయిలూ, కూలీ అన్నీ కలిపి 27 వేలు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే... ఏమీ లేదు. నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ నేను దేన్ని మామూలనుకున్నానో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా గొడవ మొదలెడతాను.

మొదటి గొడవ "లైఫ్‌టైమ్" అనే మాటతో. బెల్టున్న బండికి ఇన్ని కిలోమీటర్లకి బెల్టు మార్చాలని పుస్తకంలో రాస్తారు. చైనున్న బండికి చాలాసార్లు ఏమీ రాయరు. "చైన్ ఇంజను సార్, లైఫ్‌టైమ్, పైసా ఖర్చుండదు" అని అమ్ముతారు. ఎవరి లైఫండీ? బండిదా, వారంటీదా? చైను లోహమే, కానీ దాన్ని పట్టుకునే గైడు ప్లాస్టిక్కు, టెన్షనర్ ఒక స్ప్రింగూ కాస్త ఆయిలూ. చైను "సాగడం" అంటే లోహం సాగడం కూడా కాదు. ఒక్కో లింకు దగ్గర పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది, వందకి పైగా లింకుల అరుగుదల కలిస్తే పొడవు పెరుగుతుంది. అరిగే వస్తువుకి లైఫ్‌టైమ్ అని పేరు పెట్టి, చెక్ చేయాల్సిన జాబితాలోంచి తీసేస్తే ఇంకెవరు చూస్తారు? షెడ్యూల్లో లేని పని సర్వీస్ సెంటర్లో జరగదు. జాబ్ కార్డులో లేని వస్తువు అసలు లేనట్టే.

ఇదేదో మన దేశంలో మాత్రమే ఉన్న కక్కుర్తి అనుకోకండి. 2010 ప్రాంతాల్లో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలోని ఈఏ888 టర్బో పెట్రోల్ ఇంజన్లకి సరిగ్గా ఇదే జబ్బు. టెన్షనర్ పట్టు వదలడం, స్టార్టింగ్‌లో చైను జారడం, వాల్వులు వంగడం. తర్వాత డిజైన్ మార్చిన టెన్షనర్ వచ్చింది. అమెరికాలో ఓనర్లు న్యూజెర్సీ ఫెడరల్ కోర్టుకెక్కారు. 2018లో కుదిరిన సెటిల్‌మెంట్ ప్రకారం టెన్షనర్, చైన్‌లకి వారంటీని 10 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచారు. అదే కంపెనీ చిన్న ఇంజన్ల సంగతి ఇంకా తమాషా. ఈఏ111 కుటుంబంలో చైన్ వాడిన టీఎస్ఐ ఇంజన్ల స్థానంలో 2012 నుంచి వచ్చిన ఈఏ211 కుటుంబానికి మళ్ళీ బెల్టు పెట్టారు. మన దగ్గర టైగున్, వర్టస్‌లలో తిరిగేది ఆ ఈఏ211లే. చైను "లైఫ్‌టైమ్" అయితే బెల్టుకి తిరిగి రావడమెందుకో!

జాగ్వార్ కథ ఇంకా పాతది. 1996లో వచ్చిన వాళ్ళ వీ8 ఇంజన్లో టెన్షనర్ ఒళ్ళే ప్లాస్టిక్కుది. అవి పగిలి చైన్లు జారాయి, ఆ తర్వాత లోహపు ఒళ్ళున్నవి తెచ్చారు. అంత ఖరీదైన కారుకే ఇంత చవక వస్తువు. అమెరికాలో మాస్టర్స్ అయిపోగానే చవగ్గా వచ్చిందని పాత జర్మన్ కారు కొనే మన కుర్రాళ్ళూ, కొనేముందు రాత్రంతా ఆపి ఉంచిన ఇంజన్‌ని మీ ఎదురుగా స్టార్ట్ చేయమని అడగండి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి.

రెండో గొడవ "చిక్కటి ఆయిల్ పోస్తే పోతుంది సార్" బ్యాచ్‌తో. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్లో 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు కొన్నాళ్ళు తగ్గినట్టు అనిపించొచ్చు. కానీ చల్లటి ఇంజన్లో చిక్కటి ఆయిల్ పైదాకా చేరడానికి ఇంకా ఆలస్యం. అరిగిన రాట్చెట్‌కి కొత్త పళ్ళు ఏ ఆయిలూ మొలిపించదు. ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసి ఖాళీ బ్లాక్ వదిలేయడం లాంటి రిపేరన్నమాట.

మూడో గొడవ మనతోనే. ఆయిల్ మార్చడానికి పదివేల కిలోమీటర్లు అని పట్టుకుని కూర్చుంటాం. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో సగటున గంటకి 20 కిలోమీటర్లు వెళ్ళే బండికి పదివేల కిలోమీటర్లంటే 500 గంటలు. హైవే మీద 80లో వెళ్ళే బండికి 125 గంటలు. రెంటికీ ఒకే లెక్కా? టెన్షనర్ బతికేది ఆయిల్ మీద. మడ్డి ఆయిల్‌తో చైను పిన్నులూ అరుగుతాయి, టెన్షనర్ సన్నటి దారులూ పూడుకుంటాయి.

"చైను మంచిది కాదంటావా?" అని అడగొచ్చు. అననండీ. టైముకి ఆయిల్ మారిస్తే రెండు మూడు లక్షల కిలోమీటర్లు చైను జోలికి వెళ్ళక్కర్లేని బళ్ళు బోలెడు. స్టార్టింగ్‌లో వచ్చే ప్రతి చప్పుడూ టెన్షనర్‌దే అని కూడా అనను. ఆయిల్ తక్కువున్నా, ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు సరిగా లేని చవక ఫిల్టర్ వేసినా, వేరియబుల్ వాల్వ్ టైమింగ్ గేరు లాక్ అరిగినా ఇలాంటి చప్పుడే రావచ్చు. నేను అనేదల్లా చూసి చెప్పమని. చూడకుండా "నార్మల్" అనొద్దని.

కాబట్టి, గలగల వింటున్నవాళ్ళకి:

1. ముందు ఆయిల్ లెవెల్ చూసి, సరైన గ్రేడు ఆయిలూ మంచి ఫిల్టరూ వేయించండి. అప్పటికీ రోజూ వస్తుంటే వదిలేయకండి. పొద్దున్నే ఫోన్‌లో రికార్డ్ చేసి, బండిని రాత్రి షెడ్డులో వదిలి చల్లగా ఉన్నప్పుడు వినమనండి.

2. స్కానర్‌లో పీ0016 అని వస్తే క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరడం లేదని అర్థం. సెన్సర్ మార్చేసి కోడ్ చెరిపేస్తానంటే ఒప్పుకోకండి, ముందు చైన్ చూడమనండి.

3. విప్పాక చైను కొలవమనండి, గైడులు కళ్ళతో చూడండి. చైన్ సాగకపోతే టెన్షనర్ మారిస్తే చాలు. సాగితే మొత్తం కిట్ వేయించండి, ఎందుకంటే కూలీ అంతా విప్పడానికే. సంప్ దింపి జాలీ కడిగించండి.

4. బిగించాక కొత్త టెన్షనర్ పిన్ను లాగారా, ఇంజన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు చూశారా అని అడగండి. ఆ రెండు చుట్లకి ఐదు నిమిషాలు పడుతుంది. చూడకుండా తాళం తిప్పితే వాల్వులు పోతాయి.

కంపెనీలకి నా డిమాండ్ ఒక్కటే. సర్వీస్ షెడ్యూల్లో ఒక్క లైను చేర్చండి: "చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి టైమింగ్ చైన్ చప్పుడు వినాలి." దానికి కొత్త మిషనక్కర్లేదు. ఒక మనిషీ, రెండు చెవులూ, రెండు సెకన్లూ చాలు.

మా వాడి రిపేరులో సగం డబ్బులు ఇస్తానన్నాను. తీసుకోలేదు. "ఇంకెవరైనా అడిగితే మాత్రం నార్మల్ అని చెప్పకు మామా" అన్నాడు. అందుకే ఈ టపా.